ముఖం మీది, ఊరు మాది: తెలుగు రాష్ట్రాల రాజకీయ పార్టీల అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు,

నమస్కారాలు. ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఎన్నికల బరిలో నిలిచే అన్ని పార్టీల అధ్యక్షులనూ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాము. 2024 ఎన్నికలకు ముందు మా నియోజకవర్గ ఓటర్ల సంఘం తరఫున ప్రధాన పార్టీల రాష్ట్ర కార్యాలయాలకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక వినతిపత్రం పంపాము. అందులో అడిగినవి రెండే. మా నియోజకవర్గానికి ఫలానా వ్యక్తినే ఎందుకు ఎంపిక చేశారో నాలుగు వాక్యాలలో తెలియజేయమని ఒకటి. ఎన్నికల అధికారి అనుమతితో మేము ఏర్పాటు చేసే సభలో ఆ అభ్యర్థిని మిగతా అభ్యర్థులతో పాటు ఓటర్ల ముందు కూర్చోబెట్టమని మరొకటి. ఉత్తరాలు అందినట్టు ముద్రలు పడిన కార్డులు తిరిగి వచ్చాయి గాని, జవాబు ఒక్కటీ రాలేదు. ఫోన్ చేసి అడిగితే ఒక కార్యాలయంలోని వారు, "జనం పైనున్న పెద్దాయనను చూసి ఓటేస్తారు, కింద క్యాండిడేటుతో మీకు పనేముందండీ" అన్నారు. అది ఏ పార్టీ అన్నది ఇక్కడ అప్రస్తుతం. మరో కార్యాలయానికి చేసినా అదే మాట వినపడి ఉండేదని మా అనుమానం. ఆ మాట ఎంతవరకు నిజమో, అది నిజమైన మేరకు మాబోటి సామాన్యులకు ఏం జరుగుతున్నదో మీ ముందు పెట్టడానికే ఈసారి లేఖను బహిరంగంగా రాస్తున్నాము.

ఈ లేఖ రాస్తున్న నేను ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాడిని. ఉద్యోగకాలంలో పలు ఎన్నికలలో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. ఒకే పేరుగల అభ్యర్థుల మధ్య ఓటరు తికమక పడకూడదని ఎన్నికల సంఘం 2015 నుంచి బ్యాలెట్ పత్రం మీద పేరు, గుర్తులతో పాటు అభ్యర్థి ఫోటో కూడా వేయిస్తున్నది. 2019 పోలింగు రోజున ఒక పెద్దావిడ అట్టల చాటుకు వెళ్ళి, ఎంతసేపటికీ బీప్ వినపడకపోగా, తల బయటికి పెట్టి "సారూ, ఇందులో మా నాయకుడి ఫోటో లేదేమిటి?" అని అడిగారు. ఆమె అడిగిన నాయకుడు ఎవరైనా సరే, ఆయన మా నియోజకవర్గంలో పోటీ చేయడం లేదని చెప్పడానికి నిబంధనలు నాకు వీలివ్వవు. ఆమెను నా బల్ల దగ్గరికి పిలిచి, అట్టతో చేసిన నమూనా యూనిట్ చూపించి, మీకు నచ్చిన గుర్తు పక్కనున్న నీలం మీట నొక్కండి, ఎర్రలైటు వెలుగుతుంది, పక్క డబ్బాలో ఏడు సెకన్లపాటు చీటీ కనిపిస్తుంది అని మాత్రం చెప్పాను. "గుర్తు నాకు తెలుసులే గాని, ఆ పక్కన ఫోటోలో ఉన్నాయన ఎవరు మరి?" అన్నారామె. పోలింగు ఏజెంట్లు పార్టీ భేదం లేకుండా నవ్వారు. ఆవిడ ఫోటోలో చూసి గుర్తుపట్టలేకపోయిన మనిషే, గెలిస్తే ఐదేళ్ళపాటు ఆవిడ తరఫున శాసనసభలో కూర్చోవలసినవాడు. ఆ నవ్వులో నేను కలవలేకపోయాను.

కాబట్టి మీ కార్యాలయంలోని వారు చెప్పిన మాటలో సగం నిజం ఉన్నదని ఒప్పుకుంటున్నాము. నాయకుడి ఆకర్షణ ఓట్లు తెస్తుంది. దానిని మేము తక్కువ చేయడం లేదు. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం పార్టీ 1983 జనవరిలోనే 294 స్థానాల శాసనసభలో రెండు వందలకు పైగా గెలుచుకున్నదంటే, చైతన్యరథం మీద ఎన్.టి.రామారావు గారు ఊరూరా తిరగకుండా అది సాధ్యమయ్యేది కాదు. చంద్రశేఖరరావు గారి ప్రసంగాలలోని యాస, సామెత, వెక్కిరింత లేకుండా తెలంగాణ ఉద్యమం అన్ని ఇళ్ళలోకి అదే వేగంతో చేరేది కాదు. అంతకుముందు సభలకు రాని ఆడవాళ్ళను, కూలీలను సభలకు రప్పించిన ఘనత కూడా ఇటువంటి నాయకులదే.

అయితే ఆ 1983 గెలుపునే మరికాస్త దగ్గరగా చూడండి. 1978లో గెలిచిన కాంగ్రెస్ ఐదేళ్ళలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి గార్లను వరుసగా ముఖ్యమంత్రులను చేసింది. ముఖ్యమంత్రిని ఢిల్లీలో తయారుచేసి హైదరాబాదుకు పంపే ఆ పద్ధతిమీద జనానికి కలిగిన రోత ఒకవైపు, కిలో రెండు రూపాయల బియ్యం వాగ్దానం మరొకవైపు, రాజకీయాలకు కొత్తవారైన చదువుకున్న యువకులకు ఇచ్చిన టికెట్లు ఇంకొకవైపు లేకపోతే, రథం ఎక్కినవారు ఎంతటి నటులైనా అంత గెలుపు వచ్చేదా? 1989 దీనికి జవాబు చెప్పింది. గళం అదే, రూపం అదే, జనం అదే. ఆ ఏడాది మొదట్లో మంత్రివర్గం మొత్తాన్ని ఒక్కసారిగా తొలగించిన ఏకపక్ష ధోరణి మాత్రం జనం కళ్ళముందు ఉంది. పార్టీ 74 స్థానాలకు పడిపోయింది. రామారావు గారు హిందూపురంలో గెలిచినా కల్వకుర్తిలో ఓడిపోయారు. 1994లో జనం ఆయనను మళ్ళీ అందలం ఎక్కించి 216 స్థానాలు ఇస్తే, ఏడాది తిరగకుండానే, 1995 ఆగస్టులో, ఆయన బొమ్మ పెట్టుకొని గెలిచిన శాసనసభ్యులలో అత్యధికులు ఆయనను వదిలి వెళ్ళిపోయారు. అధ్యక్షులవారు ఈ చివరి విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలని మనవి. ముఖం చూపించి గెలిపించుకున్న మనుషులు ఆ ముఖానికి కూడా కట్టుబడి ఉండరు.

ఇక లెక్కల సంగతి. 2008 ఆగస్టులో తిరుపతిలో లక్షలాది జనం మధ్య ప్రజారాజ్యం పార్టీని ప్రారంభించిన చిరంజీవి గారి జనాకర్షణను ఎవరూ ప్రశ్నించలేరు. 2009లో ఆ పార్టీకి ఓట్లలో దాదాపు ఆరో వంతు వచ్చినా సీట్లు 18 మాత్రమే వచ్చాయి. ఆయన తిరుపతిలో గెలిచి, సొంత ప్రాంతమైన పాలకొల్లులో ఓడారు. 2019లో పవన్ కల్యాణ్ గారి పార్టీకి ఐదున్నర శాతం ఓట్లు, ఒకే ఒక్క సీటు వచ్చాయి. ఆయన పోటీ చేసిన గాజువాక, భీమవరం రెండూ పోయాయి. 2024లో ఆ పార్టీకి వచ్చిన ఓట్లు ఏడు శాతం లోపే, సీట్లు మాత్రం పోటీ చేసిన 21కి 21. ఐదేళ్ళలో ఆయన ఆకర్షణ ఇరవై రెట్లు పెరిగిందని ఎవరూ అనరు కదా! మారింది నాయకత్వ తీరు. ఒంటరిగా అన్నిచోట్లా బలం చాటుకోవాలన్న పంతం వదిలి, 2023 సెప్టెంబరులో రాజమహేంద్రవరం జైలు బయట నిలబడి పొత్తు ప్రకటించి, తక్కువ సీట్లకు ఒప్పుకున్నారు. ఆ పొత్తులో పెద్ద భాగస్వామి అయిన చంద్రబాబునాయుడు గారిని జనాన్ని ఉర్రూతలూగించే వక్తగా ఆయన అభిమానులు కూడా చెప్పరు. 2004లో 47 స్థానాలకు, 2019లో 23 స్థానాలకు పరిమితమైన పార్టీని ఆయన రెండుసార్లు తిరిగి అధికారంలోకి తెచ్చింది పార్టీ యంత్రాంగంతో, పొత్తులతో. పాదయాత్రల పేరు చెప్పగానే గుర్తుకొచ్చే రాజశేఖరరెడ్డి గారి విషయమూ అంతే. 2003 మండుటెండలలో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన నడక ఎంత పనిచేసిందో, కరువు, కరెంటు బిల్లులు, 2004లో టీఆర్ఎస్‌తోను వామపక్షాలతోను కుదుర్చుకున్న పొత్తు కూడా అంతే పనిచేశాయి.

అన్నిటికన్నా మీరు తీరిక చేసుకొని పక్కపక్కన పెట్టి చూడవలసినవి 2023 తెలంగాణ, 2024 ఆంధ్రప్రదేశ్. తెలంగాణలో చంద్రశేఖరరావు గారు 2023 ఆగస్టు 21న, 119 స్థానాలలో 115కు ఒకేసారి అభ్యర్థులను ప్రకటించారు. సిట్టింగులలో మార్చినది ఏడుగురినే. ఎమ్మెల్యేలమీద ఊళ్ళలో ఎంత కోపం ఉన్నా తన ముఖం చూసి ఓటేస్తారని ధీమా. ఆంధ్రప్రదేశ్‌లో జగన్‌మోహనరెడ్డి గారు సరిగ్గా దీనికి ఎదురు పని చేశారు. పదుల సంఖ్యలో సిట్టింగులను తప్పించారు, మరికొందరిని ఒక నియోజకవర్గం నుంచి మరో నియోజకవర్గానికి మార్చారు. ఎవరిని ఎక్కడ నిలబెట్టినా తన ముఖం చూసి ఓటేస్తారని అక్కడా అదే ధీమా. మార్చనివారు 88 స్థానాల నుంచి 39కి వచ్చారు, మార్చినవారు 151 నుంచి 11కు వచ్చారు. కామారెడ్డిలో చంద్రశేఖరరావు గారు స్వయంగా ఓడిపోయారు. మరో సంగతి, అక్కడ గెలిచినాయన ఆయనతో పాటు రేవంత్ రెడ్డి గారిని కూడా ఓడించిన స్థానికుడు. టీవీ చర్చలలో ఎమ్మెల్యేలను మార్చకపోవడం వల్ల ఓడారని ఒక ఏడాది, మార్చడం వల్ల ఓడారని మరుసటి ఏడాది విశ్లేషించిన నిపుణులను చూసి మాకు నవ్వొచ్చింది. రెండు చోట్లా ఉన్న పొరపాటు ఒకటే: అభ్యర్థి ఎవరైనా ఒకటే అనుకోవడం. గాలి అనుకూలంగా ఉన్నంతకాలం ఆ లెక్క చెల్లుతుంది. గాలి తిరిగిన రోజున, ఊళ్ళో పది మంచి పనులు చేసి తన బలంతో నిలబడగలిగిన మనిషి పార్టీలో మిగిలి ఉండడు.

ఇంకొక అంకె కూడా చెప్పుకోవాలి. 2019లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లకు 23 సీట్లు వస్తే, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఇంచుమించు అంతే శాతానికి 11 సీట్లు వచ్చాయి. అంటే ప్రతి పదిమందిలో నలుగురు ఆ నాయకుడి వెంటే ఉన్నా చట్టసభలో వారి గొంతు దాదాపు వినపడని పరిస్థితి. నాయకుడి ముఖం ఓట్లను తేగలదు గాని, వాటిని సీట్లుగా మార్చే పని వేరే ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది మీ లాభనష్టాల సంగతి. మా ఇళ్ళలో, పొలాలలో దీని ఫలితాలు ఎలా ఉన్నాయో ఇప్పుడు చెబుతాము.

1. మా మండలంలో పొలాలకు, బడికి వెళ్ళే దారిలో మురుగు డ్రెయిన్ మీద ఒక కల్వర్టు కూలి ఏళ్ళు గడిచాయి. వాన పడితే పిల్లలు మూడు కిలోమీటర్లు చుట్టూ తిరిగి బడికి వస్తారు, వడ్ల ట్రాక్టరుకు అదనపు కిరాయి పడుతుంది. ఒకరి తరువాత ఒకరుగా వేర్వేరు పార్టీల ఎమ్మెల్యేలు ఇద్దరిని కలిశాము. ఇద్దరూ చెప్పినది ఒకటే: "నా చేతిలో ఏముంది, పైనుంచి రావాలి." వారిని మేము పూర్తిగా తప్పుపట్టలేము. తాను గెలిచింది పైవారి ముఖంతోనని నమ్మిన మనిషి పైకే చూస్తాడు. టికెట్ ఇచ్చేది పైవారు, గెలిపించేది పైవారు అయినప్పుడు కిందివారికి అతను ఎందుకు భయపడాలి? 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ విప్‌ను, అంటే సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదని ఓటేస్తే సభ్యత్వమే పోతుంది గనుక, సభలోనూ అతనికి సొంత గొంతు లేదు.

2. ఆ చట్టం ఉన్నా ఫిరాయింపులు ఆగలేదన్నది వేరే కథ. 2014లో జగన్‌మోహనరెడ్డి గారి బొమ్మతో గెలిచినవారిలో 23 మంది తెలుగుదేశంలో చేరారు. 2019లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లు సరిగ్గా అన్నే కావడం జనం నోళ్ళలో బాగా నలిగింది. తెలంగాణలో 2018లో కాంగ్రెస్ తరఫున గెలిచినవారిలో 12 మంది 2019లో టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2023 తరువాత బీఆర్ఎస్ (పేరు మారిన టీఆర్ఎస్) నుంచి కాంగ్రెస్ వైపు వెళ్ళిన పదిమంది సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఓటరు ఒక ముఖం చూసి ఓటేస్తే, ఆ ఓటు మరో ముఖం కిందికి చేరుతున్నది. మనిషిని చూసి ఓటేసి ఉంటే, వెళ్ళిన మనిషిని నిలదీసే హక్కు మాకు మరికాస్త గట్టిగా ఉండేది.

3. పథకం మీద, పత్రం మీద నాయకుడి పేరు, బొమ్మ ఎక్కితే, ప్రభుత్వం మారిన రోజున ఆ పథకానికి ప్రాణగండం. వృద్ధాప్య పింఛను ఎన్టీఆర్ భరోసాగా ఉన్నది వైఎస్సార్ పెన్షన్ కానుకగా మారి, మళ్ళీ ఎన్టీఆర్ భరోసా అయింది. పేరు మారినా డబ్బు ఆగలేదు గనుక దానిని వదిలేద్దాము. ఐదు రూపాయలకు భోజనం పెట్టిన అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి, 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్నాయి. మధ్యలోని ఐదేళ్ళు అడ్డామీద నిలబడే కూలీ మధ్యాహ్నం ఎక్కడ తిన్నాడో ఏ పార్టీ అడగలేదు. 2019లో మొదలైన వాలంటీర్ల వ్యవస్థలో రెండున్నర లక్షల మందికి పైగా యువతీయువకులు నెలకు ఐదు వేల గౌరవ వేతనానికి పనిచేశారు. దానిని రెట్టింపు చేస్తామన్న హామీ విని ఓటేసినవారూ వారిలో ఉన్నారు. ఆ వ్యవస్థే ఆగిపోయింది. అన్నిటినీ మించినది పట్టాదారు పాసుపుస్తకం. తాత, తండ్రి నుంచి వచ్చిన పొలానికి ప్రభుత్వం ఇచ్చే పుస్తకం మీద ముఖ్యమంత్రి ఫోటో, సరిహద్దు రాళ్ళమీద ఆయన పేరు చూసి రైతుకు కలిగిన అనుమానం 2024 ఎన్నికలలో ఎంత పనిచేసిందో ఊళ్ళో రచ్చబండ దగ్గర కూర్చున్న ఎవరిని అడిగినా చెబుతారు. ప్రచారానికి పెట్టిన బొమ్మే ఓట్లు పోగొట్టింది. తరువాత వచ్చిన ప్రభుత్వం రాజముద్రతో కొత్త పుస్తకాలు అచ్చు వేయించింది. రెండుసార్లు అచ్చుకైన ఖర్చు మాదే.

4. ఈ అంశాన్ని మేము కొంచెం వివరంగా చెప్పదలచుకున్నాము, ఎందుకంటే దీని గురించి మీ పార్టీలలో ఎవరూ మాట్లాడరు. 2017 అక్టోబరులో, ఫిరాయింపులకు నిరసనగా, అప్పటి ప్రతిపక్షం ఆంధ్రప్రదేశ్ శాసనసభను బహిష్కరిస్తున్నట్టు ప్రకటించింది. 2021 నవంబరులో అప్పటి ప్రతిపక్ష నాయకుడు తన కుటుంబానికి సభలో అవమానం జరిగిందంటూ, ముఖ్యమంత్రిగానే సభలో అడుగుపెడతానని శపథం చేసి వెళ్ళిపోయి, విలేకరుల ముందు కంటనీరు పెట్టుకున్నారు. 2024 తరువాత ప్రతిపక్ష నాయకుడి హోదా ఇవ్వలేదన్న కారణంతో 11 మంది సభ్యుల పార్టీ సభకు దూరంగా ఉంటున్నది. తెలంగాణలో మాజీ ముఖ్యమంత్రి 2023 డిసెంబరు తరువాత సభలో కనిపించినది అరుదు. ప్రతి సందర్భంలోనూ వారి వారి కారణాలు ఉండవచ్చు, కొన్నింటిలో న్యాయం కూడా ఉండవచ్చు. అయితే నాయకుడికి అవమానం జరిగితే అది పార్టీ మొత్తానికి అవమానమని, నాయకుడు అలిగితే అందరూ అలగాలని నేర్పినది ఈ వ్యక్తి కేంద్రిత రాజకీయమే. ఆ రోజులలో ఆ నియోజకవర్గాల ప్రశ్నలు ఎవరు అడిగారు? బహిష్కరించే ముందు ఓటరును అడిగినవారు ఎవరు? నాయకుడి శపథాలు, ప్రతిజ్ఞలు ఎన్నికల సభలలో బ్రహ్మాండంగా పేలతాయని మాకు తెలుసు, చప్పట్లు కొట్టినవారిలో మా ఊరివాళ్ళూ ఉన్నారు. సభలో బడ్జెట్ పద్దులు చర్చ లేకుండానే ఆమోదం పొందిన రోజున మాత్రం చప్పట్లు కొట్టడానికి ఎవరూ ఉండరు.

5. డబ్బు. పెద్ద రాష్ట్రాలలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షల రూపాయలు. పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితి లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు పొందిన పార్టీ ప్రకటించే 40 మంది స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు. కాబట్టి హెలికాప్టరు ఎక్కగలిగిన నాయకుడి ముఖం మీద ఎంత పెట్టినా చట్టానికి అభ్యంతరం లేదు, ఊళ్ళో ఇంటింటికీ తిరిగే అభ్యర్థికే లెక్కలన్నీ. ఈ పోటీలో ఇల్లందు నుంచి ఐదుసార్లు గెలిచినా సాదాసీదాగా బతికిన గుమ్మడి నర్సయ్య గారి వంటివారికి ఈనాడు ఏ పెద్ద పార్టీ టికెట్ ఇస్తుంది?

6. ఆడవాళ్ళ సంగతి. రథమెక్కి గర్జించేవాడే నాయకుడన్న నమూనా ఒకటి మన మనసుల్లో గట్టిపడింది. తెలుగు రాష్ట్రాలలో నేటిదాకా ఒక్క మహిళ కూడా ముఖ్యమంత్రి కాలేదు. స్వయం సహాయక సంఘాలను ఏళ్ళ తరబడి నడిపి, బ్యాంకు మేనేజరు ముందు పైసా లెక్క తప్పకుండా చెప్పగలిగిన ఆడవాళ్ళు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వారికి సర్పంచి రిజర్వేషన్ దగ్గరే దారి ఆగిపోతున్నది.

ఈ పరిస్థితికి ఓటరు బాధ్యత లేదా అని మీరు అడగవచ్చు. ఉన్నది. అందుకే మా ఊళ్ళలో మేము చేయవలసిన పని మేము మొదలుపెట్టాము. అయితే ఓటరు ముందు ఏ సరుకు పెట్టాలో నిర్ణయించేది మీరు. బస్సు పైకప్పు మీద అభ్యర్థి చేయి పైకెత్తి, ఈయన మంచివాడు, మీ దీవెనలు కావాలి అని అర నిమిషంలో ముగించే పరిచయంతో మేము ఐదేళ్ళు నెట్టుకురావాలి. ఈ స్థితిలో మేము కోరుతున్నవి ఇవి:

1. నామినేషన్ల గడువుకు కనీసం అరవై రోజుల ముందు ప్రతి నియోజకవర్గ అభ్యర్థినీ ప్రకటించాలి. చివరి రాత్రి బీ ఫారం చేతులు మారే ఆనవాయితీకి స్వస్తి చెప్పాలి.

2. క్రిమినల్ కేసులున్నవారికి టికెట్ ఇస్తే ఆ ఎంపికకు కారణాలు ప్రకటించాలని, గెలిచే సత్తా ఉన్నదన్నది ఒక్కటే కారణం కారాదని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 13న ఆదేశించింది. కేసులున్నా లేకపోయినా ప్రతి అభ్యర్థి విషయంలోనూ అదే నియమాన్ని మీకు మీరుగా పాటించాలి. చదువు, చేసిన పని, నియోజకవర్గంతో సంబంధం, తప్పించిన సిట్టింగును ఎందుకు తప్పించారన్న వివరం ఒక పేజీలో ఇస్తే చాలు.

3. ప్రతి అభ్యర్థీ కనీసం ఒక్కసారైనా, రెండు గంటలపాటు, మిగతా అభ్యర్థులతో కలిసి ఓటర్ల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నాయకుడి రోడ్‌షోను దీనికి బదులుగా లెక్కించరాదు.

4. నాయకుల పర్యటనలకు, సభలకు, భారీ తెరలకు, ఫ్లెక్సీలకు పార్టీ పెట్టిన ఖర్చును నియోజకవర్గాల వారీగా, పోలింగు ముగిసిన తొంభై రోజులలోపు తెలుగులో ప్రకటించాలి.

5. అధికారంలోకి వస్తే భూమి పత్రాలు, రేషన్ కార్డులు, పాఠశాల పుస్తకాలు, సర్టిఫికెట్ల మీద జీవించి ఉన్న ఏ నాయకుడి బొమ్మా, పేరూ వేయబోమని మేనిఫెస్టోలో రాయాలి. దీనికి ఖర్చు లేదు, పైగా మిగులు.

6. మీ శాసనసభ్యుల హాజరు, అడిగిన ప్రశ్నలు, మాట్లాడిన సమయం ప్రతి సమావేశం తరువాత ప్రకటించాలి. సభను బహిష్కరించే నిర్ణయం తీసుకుంటే, ఆ రోజులలో నియోజకవర్గ సమస్యలను ప్రభుత్వం దృష్టికి ఎలా తీసుకువెళతారో లిఖితపూర్వకంగా చెప్పాలి.

7. అధ్యక్ష పదవికి పార్టీ సభ్యుల రహస్య బ్యాలెట్‌తో ఎన్నిక జరపాలి. శాశ్వత అధ్యక్ష పదవి అన్న ఆలోచన ప్రజాస్వామ్య విరుద్ధమని ఎన్నికల సంఘం 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ విషయంలో స్పష్టంగా చెప్పింది. పేరుకు శాశ్వతం అనకపోయినా, పోటీ లేకుండా ఏకగ్రీవంగా కొనసాగుతున్న మిగతా అధ్యక్షులు ఆ మాట తమకు వర్తించదని అనుకోరాదు.

వీటిలో మూడవ కోరిక అన్నిటికన్నా ముఖ్యం. మిగతావి మీరు రేపటికి వాయిదా వేసినా దానిని మాత్రం వాయిదా వేయకూడదని గట్టిగా కోరుతున్నాము. ఇందుకు చట్టం మార్చనవసరం లేదు, మీరు ఒక సర్క్యులర్ పంపితే సరిపోతుంది. రానున్న స్థానిక ఎన్నికలలో జడ్పీటీసీ అభ్యర్థులతో దీనిని మొదలుపెట్టి చూడవచ్చు. ప్రశ్నలు ముందుగానే కావాలంటే ఇస్తాము. అభ్యర్థికి అవమానం జరుగుతుందన్న భయం ఉంటే, సభ నిర్వహణకు ఏ పార్టీకీ చెందని విశ్రాంత ఉద్యోగుల పేర్లు ఐదు పంపుతాము, మీకు నచ్చినవారిని ఎంచుకోండి.

ఈ లేఖ ప్రతులను మళ్ళీ మీ రాష్ట్ర కార్యాలయాలకు పంపుతున్నాము. అందిన అరవై రోజులలోపు జవాబు ఇవ్వవలసిందిగా ప్రార్థన. వచ్చిన జవాబులను ఉన్నవి ఉన్నట్టుగా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డు మీద, ప్రతి గ్రామ సచివాలయం దగ్గర అంటిస్తాము. జవాబు రాని పార్టీల పేర్లూ ఆ పట్టికలో ఉంటాయి, వాటి ఎదురుగా తేదీ మాత్రం వేస్తాము. పోలింగు దాకా ఆ పట్టికను తీసివేయము.

ఇట్లు,
నియోజకవర్గ ఓటర్ల సంఘం తరఫున
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు